మానేటి తీరమున వయోవిచారము

ముస్తాబాదు మండల కార్యాలయపు వరండాలో పింఛను కాగితములు చేతబట్టుకొని కూర్చుండు ముదుసలులలో తమ జన్మదినమును తేదీతో సహా చెప్పగలవారు మిక్కిలి యరుదు. “అవ్వా, నీకెన్నేండ్లుంటయే?” యని గుమాస్తా యడిగినచో, “నాకేమెరుక బిడ్డా, రజాకార్ల లొల్లప్పుడు నేను సంకల పిల్లనట” యని యొకతెయు, “కార్డుల ఎంతుంటె గంత రాసుకో” యని వేరొకతెయు బదులు చెప్పుదురు. ఆధారు కార్డులు వచ్చిననాడు ఇట్టివారిలో ననేకులకు జనవరి 1వ తేదీయే జన్మదినముగా నమోదైనది గనుక, ఆ కార్డులనే ప్రమాణముగా గొన్నచో పూర్వకాలమున మా పల్లెల శిశువులలో నధికభాగము ఆంగ్ల సంవత్సరాది నాడే భూమిపై బడిరని రాబోవు చరిత్రకారులు వ్రాయవలసివచ్చును.

అవ్వ యెరుగని లెక్కను ఆమె దంతములెరుగును. ఆమె నోట మిగిలియున్న పళ్ళను బట్టి, ఆమె యేయేట జన్మించినదో ఒకటి రెండేండ్ల కటునిటుగా లెక్కగట్టి చెప్పగల విధానమును స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందలి కరోలిన్‌స్కా సంస్థకు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్, యోనాస్ ఫ్రీసెన్ మున్నగు శాస్త్రజ్ఞులు 2005లో వెల్లడించిరి. దానికి మూలము మన శరీరమున సర్వత్ర వ్యాపించియున్న కర్బనము. అంతరిక్షమునుండి నిరంతరము వచ్చిపడు విశ్వకిరణములు వాయుమండలపు పైపొరలలోని నత్రజనిని తాకి, కర్బనపు పరమాణువులలో నొక బరువైన రకమును, అనగా కర్బనము-14ను, పుట్టించుచుండును. అది బొగ్గుపులుసు వాయువుగా మారి చెట్ల యాకులలోనికి, ఆకులనుండి పశువులలోనికి, అన్నముగాను పాలుగాను మనలోనికి ప్రవేశించును. 5,730 ఏండ్లకు సగము చొప్పున నశించు ఈ పదార్థమును కొలిచి పురాతన వస్తువుల వయస్సును నిర్ణయించు మార్గమును విల్లర్డ్ లిబ్బీ 1949లో చూపి, 1960లో నోబెల్ బహుమానమును పొందెను. అయితే 1950ల మధ్యనుండి 1963 వరకు అగ్రరాజ్యములు ఆరుబయట ప్రేల్చిన అణుబాంబుల మూలమున గాలిలోని కర్బనము-14 ఇంచుమించు రెట్టింపై, ఆ యేటి యొడంబడికతో ఆరుబయటి ప్రేలుళ్ళు చాలమట్టుకు నిలిచిపోయిన పిమ్మట సముద్రములును వృక్షజాలమును దానిని పీల్చుకొనుచుండుటచే యేటేట తగ్గుచు వచ్చినది. మానవజాతి యొడిగట్టిన ఘోరకృత్యములలో నొకటియగు ఈ బాంబుల పరీక్ష, శరీరశాస్త్రజ్ఞులకు మాత్రము ఎవరును తలపని యుపకారము చేసినది. ఏలయన, ఏ యేట శరీరమున చేరిన కర్బనమైనను ఆ యేటి గాలి ముద్రను మోసికొనియే యుండును.

దంతముల పైనుండు పింగాణి పొర యొకమారు గట్టిపడిన పిదప జీవితాంతము మార్పు చెందదు. ముందుపళ్ళ పింగాణి నాలుగైదేండ్ల ప్రాయమునకే పూర్తియగును. జ్ఞానదంతము చిగురును చీల్చుకొని వచ్చుట యెంత యాలస్యమైనను దాని పింగాణి దవడలోపలనే పండ్రెండేండ్ల ప్రాంతమున సిద్ధమై యుండును. రజాకార్ల కాలమున సంకబిడ్డగా నుండిన స్త్రీ 1947 ప్రాంతమున పుట్టినదనుకొందము: ఆమె ముందుపంటి పింగాణియందు బాంబుల జాడ యేమియు నుండదు, జ్ఞానదంతపు పింగాణియందో 1960 నాటి గాలి పదిలముగా నుండును. ఒక్క పంటినే చూచినచో, కర్బనము పెరుగుచున్న యేటిదో తరుగుచున్న యేటిదో తేల్చుట కష్టము. వేర్వేరు ప్రాయములలో గట్టిపడిన రెండు పళ్ళను ప్రక్కప్రక్కన బెట్టి పరీక్షించినప్పుడు ఆ సందేహమును తీరును. పింఛను కచేరీలలో ఈ పరీక్షను ప్రవేశపెట్టుమని నేను చెప్పబోను గాని, ఆ ముదుసలి చెప్పిన “సంకల పిల్ల” లెక్క కార్డుపైనున్న జనవరి 1 కంటె సత్యమునకు సమీపమైనదని మాత్రము ఆ పళ్ళు తప్పక సాక్ష్యమిచ్చును.

ఇదే గడియారముతో సిరిసిల్ల బట్టను పరీక్షించినచో మరియొక వింత కనబడును. ఒకే వీధిలో, ఒకదానినొకటి మించి మ్రోయు మరమగ్గములలో నొకదానిపై నూలుబట్టయు, ప్రక్కదానిపై పాలియెస్టరు బట్టయు దిగుచుండును. నూలు నిరుడు చేనిలో విచ్చిన పత్తి గనుక దాని కర్బనము నిరుటిది. పాలియెస్టరు భూగర్భతైలమునుండి పుట్టినది గనుక, కోట్లకొలది సంవత్సరములు పాతాళమున నిద్రించిన ఆ తైలమునందలి కర్బనము-14 పూర్తిగా నడుగంటిపోయినది. రెండు తానులును ఒకేదినమున మగ్గము దిగినను, కర్బనపు లెక్కలో నొకటి పసిపాప, వేరొకటి లెక్కకందని వృద్ధుడు.

స్టాక్‌హోము శాస్త్రజ్ఞులు దంతములతో నాగలేదు. జీవకణముల కేంద్రమునందు వంశలక్షణములను మోయు డిఎన్ఏ అను పదార్థము, కణము పుట్టిననాడు ఏర్పడినది యేర్పడినట్లే బహుకాలము నిలుచును గనుక, దానిలోని కర్బనమును కొలిచి యేయే యవయవపు కణము లేయేట జన్మించినవో వారు లెక్కింప మొదలిడిరి. ఏడేండ్లకొకమారు మనుష్యశరీరము సమూలముగా నూతనమగునని పత్రికలలో తరచుగా కనబడు వాక్యము ఈ లెక్కలముందు నిలువజాలదు. పేగుల లోపలిపొర మూడు నుండి ఐదు దినములకు, చర్మపు పైపొర ఇంచుమించు నెలకొకమారు మారిపోవుచుండగా, నడివయస్కుల ప్రక్కటెముకల మధ్యనుండు కండరముల కణముల వయస్సు సగటున పదునైదేండ్లని తేలినది; క్రొవ్వుకణములలో నూటికి పది యేటేట చచ్చి పుట్టుచున్నవని 2008లోను, హృదయపు కండరకణములు ఇరువదియైదేండ్ల ప్రాయమున యేటికి నూటికొకటి చొప్పునను, డెబ్బదియైదేండ్ల ప్రాయమున అందు సగముకంటెను తక్కువగాను మారుచున్నవని 2009లోను ప్రకటింపబడినది. మెదడు పైపొరలోని నాడీకణములు మాత్రము శిశువు పుట్టిననాటివే. మనము కోల్పోయినదానికి బదులు రాదు.

రక్తము సంగతి వేరు. ఎముకల లోపలి మజ్జ క్షణమునకు ఇరువది లక్షలకు తక్కువగాకుండ ఎర్రకణములను చేసి పంపుచుండును. ఒక్కొక్కటి నూటయిరువది దినములు దేహమంతయు తిరిగి నశించును. శరీరమునందలి మానవకణములు మొత్తము ముప్పది లక్షల కోట్ల ప్రాంతమనియు, అందు నూటికి ఎనుబదికి పైగా ఈ ఎర్రకణములే యనియు 2016లో వేసిన లెక్క. అనగా తలలెక్కకు చూచినచో ఎనుబదియేండ్ల వృద్ధునియందు నూటికి ఎనుబది పాళ్ళు నాలుగు నెలలు నిండని శిశువులే.

దేహమునందలి యతిపురాతన ద్రవ్యము ఎక్కడనున్నది? కంటి కటకము నడిమిభాగమున. తల్లి గర్భముననే యేర్పడిన ఆ మాంసకృత్తులను దేహము మరల నిర్మింపదు. వాని స్థానమున క్రొత్తవి వచ్చు మార్గమును లేదు. ఎండ, కాలము, రసాయనిక మార్పులు వానికి కలిగించిన చెరుపు చేరిచేరి యెప్పుడో యొకనాడు కటకము మసకబారును. దానినే మనము శుక్లమందుము. ఊరిలో కంటివైద్య శిబిరము పెట్టినప్పుడు వరుసలో నిలుచు అవ్వతాతలు, తాము జన్మింపకముందే యేర్పడిన తమ శరీరభాగమును వైద్యున కప్పగించి, కర్మాగారమునుండి సరిక్రొత్తగా వచ్చిన కటకమును పెట్టించుకొని యింటికి పోవుచున్నారన్నమాట.

మరి యత్యల్పాయువు దేనిది? ఆ ప్రశ్నకు సమాధానము మన భీమవరపు బిడ్డయగు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరుతో ముడివడియున్నది. 1895లో జన్మించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, 1922లో అమెరికాకేగిన ఆయన, హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్కేతో గూడి, దేహద్రవములలోని భాస్వరమును రంగునుబట్టి కొలుచు విధానమును 1925లో ప్రకటించెను. ఆ కొలతయే దారిచూపగా, కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీ యను శక్తిద్రవ్యమును ఆ యిరువురును వెలికిదీసిరి. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. చేయి కదలవలెనన్నను, తలపు మెదలవలెనన్నను, మరమగ్గము మీటను నొక్కవలెనన్నను ఖర్చగునది ఈ ఏటీపీయే. దేహమంతటను గాలించినను నూరు గ్రాములకు మించి దొరకని ఈ పదార్థమును, కదలక మెదలక పండుకొన్నవాడు సైతము దినమునకు నలువది కిలోగ్రాములకు తక్కువగాకుండ వాడుకొనుచున్నాడు. ఎట్లన, ఒక్కొక్క యణువు విరిగి, మరల అతుకబడి, దినమునకు వందలసార్లు పునర్జన్మ మెత్తుచుండును. దాని యొక్క జన్మకు ఆయువు రెండు మూడు నిమిషములు. ఊపిరి ఆగిన కొలది నిమిషములలో ప్రాణము పోవుటకు కారణ మిదియే: ఈ ద్రవ్యమునకు నిలువ లేదు, దానిని మరల నతుకుటకు ప్రాణవాయువు వలయును.

ఇచట నొక ముక్క చెప్పక విడువరాదు. సుబ్బారావుగారే తరువాత లెడర్లీ సంస్థలో ఫోలికామ్లపు నిర్మాణమును సాధించిన బృందమునకు నాయకుడు. ఫోలికామ్లము లేనిదే క్రొత్త కణమునకు డిఎన్ఏ సమకూడదు. దానినే యాధారముగా చేసికొని, ఆ యామ్లమును అనుకరించి కణమును మోసగించు మందులను ఆ బృందము తయారుచేయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపుకాన్సరుతో బాధపడు శిశువులకు వానినిచ్చి తాత్కాలికముగానైనను రోగము వెనుకంజ వేయుటను 1948లో లోకమునకు చూపెను. ఆ యేడే సుబ్బారావుగారు మరణించిరి. కణములకు కావలసిన తిండిని, వాని పెరుగుదలకు కళ్ళెమును ఒక్క చేతితోనే యందించిన ఇట్టివారి పేరు మన పిల్లల పాఠములలో నొక పేరాతో సరిపెట్టుట నాకు నచ్చదు.

వయోగణనమున స్త్రీల విషయమొక ప్రత్యేకాధ్యాయము. ఆడుశిశువు తల్లి గర్భమున నుండగనే ఆమె యండకణములన్నియు ఇంచుమించుగా రూపొంది యుండును. కనుక మనలో ప్రతివారి పుట్టుకకు మూలమైన కణము, మన తల్లి యింకను అమ్మమ్మ కడుపులో నున్న నెలలలోనే యేర్పడినది; తండ్రి పాలిటి భాగమునకు రెండున్నర నెలల వయస్సు. అమ్మమ్మ ఆ నెలలలో తినిన జొన్నరొట్టె, త్రాగిన మానేటి నీరు, పడిన కష్టము మన కథకు పీఠికయందే యున్నవి.

జీవులను విడిచి జడములకు వచ్చెదము. ముస్తాబాదునుండి గంభీరావుపేట మీదుగా నర్మాలలోని యెగువ మానేరు కట్టకు పోవువారికి దారికిరువైపులను గుట్టలు, బోడిబండలు, ఒకదానిపై నొకటి నిలిపినట్లుండు గుండ్లు కానవచ్చును. ఆ గుండ్లను భీమసేనుడు పేర్చెనని మా ముసలివారందురు. వానిని పేర్చినవారెవరును లేరు. భూమిలోపల నున్నకాలముననే పగుళ్ళవెంట దిగిన నీరు మూలలను కొరికి గుండ్రనచేయగా, చుట్టునున్న మొరము పిమ్మట వానలకు కొట్టుకొనిపోయి, లోపలివి బయటబడినవి. వడ్డెరవారు సుత్తెతో పగులగొట్టిన తాజా ముక్క నొకదానిని చేతిలోనికి తీసికొని యెండకు త్రిప్పిచూడుడు: గోరంత గులాబిరంగు పలకలు ఫెల్డుస్పారు, వాని సందులలో గాజువలె బూడిదవన్నెతో నున్నది పలుగురాయి, నల్లగా మినుకుమినుకుమనుచు గోటితో గీచినచో పొరలుగా నూడివచ్చునది అభ్రకము. కరీంనగరపు గనులనుండి “టాన్ బ్రౌన్” అను పేర దేశదేశములకు పోవు రాయియు ఈ జాతిదే. ఆ పలకలు వట్టికంటి చూపునకే యందునంత పెద్దవిగా నుండుటచే, ఈ రాయి భూమి పైభాగమున గాక, అనేక కిలోమీటర్ల లోతున, మిక్కిలి మెల్లగా చల్లారినదని తెలియుచున్నది. దానిపై నాడుండిన పర్వతములంత మందపు శిలలన్నియు అరిగి మట్టియై పోయిన తరువాతనే మనకు దాని దర్శనమైనది.

ఈ గుట్టల వయస్సు ఇంచుమించు 250 కోట్ల ఏండ్లు. భూమి పుట్టి 454 కోట్ల ఏండ్లు గడచినవి గనుక, భూమి యాయువులో సగముకంటె నెక్కువ భాగమును ఈ బండలు చూచినవి. ఇంతటి సంఖ్యను నమ్ముట యెట్లు? ఆ రాతిలో ఆవగింజకంటె చిన్నవియగు జిర్కాను స్ఫటికములు గలవు. అవి గడ్డకట్టునప్పుడు యురేనియమును లోనికి రానిచ్చి సీసమును రానీయవు. కావున నేడు వానిలో కనబడు సీసమంతయు యురేనియము నశింపగా పుట్టినదే. యురేనియములో నొక రకము 447 కోట్ల ఏండ్లకు, మరొక రకము 70 కోట్ల ఏండ్లకు సగమగును. ఒకే గింజలో రెండు గడియారములు వేర్వేరు వేగములతో నడచుచు ఒకే కాలమును చూపినప్పుడు సందేహించువానికి తావు లేదు.

ఈ బండ గడ్డకట్టిననాడు గాలిలో మనము పీల్చదగిన ప్రాణవాయువు లేదు. అది చెప్పుకొనదగినంతగా వాయుమండలమున చేరినది 240 కోట్ల ఏండ్లక్రిందటి ప్రాంతమున. మా చల్క నేలల యెరుపు ఇనుమునకు ప్రాణవాయువు సోకుటచే వచ్చినది గనుక, ఆ యెరుపుకంటె గుట్టయే పెద్దది. అంతేకాదు, ఆనాడు దినమునకు ఇరువది గంటలైనను లేవు. చంద్రుని యాకర్షణచే భూభ్రమణము నెమ్మదించుచు, చంద్రుడు యేటికి 3.8 సెంటీమీటర్లు దూరమగుచుండుట, 1969లో వ్యోమగాములు చంద్రతలముపై నుంచివచ్చిన యద్దములకు లేజరు కిరణములను గురిపెట్టి కొలువగా తేలిన సత్యము. కనుక ఆ గుట్ట తొలియేడులలో సంవత్సరమునకు దినములు నాలుగువందలకు పైగా నుండెను. ఏండ్లతో చెప్పిన వయస్సును దినములలోనికి మార్చువారు జాగ్రత్తపడవలయును.

అయితే రాతిలో మ్రోగుచున్న గడియారమును, మనలో మ్రోగుచున్నదియు నొకటేయని యెంతమంది కెరుక? గులాబిరంగు ఫెల్డుస్పారులో పొటాషియమున్నది. రాయి మొరమై, మొరము మన్నై, ఆ మన్నులోని పొటాషియము వరికి, కందికి, మక్కజొన్నకు చేరి, అన్నముతో మన కండరములలోనికి వచ్చుచున్నది. డెబ్బది కిలోల దేహమున అది 140 గ్రాముల ప్రాంతముండును. పొటాషియపు పరమాణువులు పదివేలలో నొక్కటి మాత్రము స్థిరత్వము లేనిది. అది 125 కోట్ల ఏండ్లకు సగము నశించును. బండ గడ్డకట్టిననాడు అందు నాలుగు పాళ్ళుండినచో నేటికి ఒక్క పాలు మిగిలినది. మన దేహములో నున్న భాగమున క్షణమునకు నాలుగువేలకు పైబడి పరమాణువులు ఈ విధముగా ప్రేలిపోవుచున్నవి, మనము నిద్రించుచున్నను, పెండ్లిలో కూర్చుండి భుజించుచున్నను. ఇది సూర్యుడు పుట్టక పూర్వమే గతించిన నక్షత్రములలో తయారైన ద్రవ్యము. దానిని మరల చేయు సాధనము భూమిపై లేదు, ఉన్నది తరిగిపోవుచుండుటయే.

నశించిన పొటాషియములో నెక్కువపాలు కాల్షియముగా మారును. నూటికి పదునొకండు పాళ్ళు ఆర్గానను వాయువగును. 1894లో రాలీ, రామ్సే యను బ్రిటిషు శాస్త్రజ్ఞులు గాలిలో కనుగొన్న ఆర్గాను, గాలిలో నూటికి ఒకపాలుకు కొంచెము తక్కువగా నున్నది. అదంతయు నించుమించు రాళ్ళలోని పొటాషియము నశింపగా యుగయుగములుగా పైకి వచ్చి చేరినదే. కావున మనము పీల్చు ప్రతి యూపిరిలోను ఇట్టి బండల నిశ్వాస మొక పాలున్నది. దానితో మనకు లాభమును లేదు, నష్టమును లేదు, వచ్చినట్లే వెడలిపోవును.

మానేరు తూర్పునకు సాగి మంథని ప్రాంతమున గోదావరిని కలియును. అచటి లోయలో శిలల వయస్సు ఒక్కసారిగా తగ్గిపోవును. భూపటలము పొడవుగా చీలి క్రుంగినచోట నదులు తెచ్చిపోసిన యిసుకయు, అడవులు కుళ్ళి యేర్పడిన బొగ్గును అందు నిండియున్నవి. సింగరేణి బొగ్గు పుట్టి ఇరువదియైదు కోట్ల ఏండ్లు దాటినది. దానిపై పొరలలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లె చెంత, భూగర్భ పరిశోధకులు పండ్రెండు రాక్షసబల్లులకు చెందిన యెముకలను త్రవ్వితీయగా, పి. యాదగిరి 1988లో ఆ జాతికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసెను. ఆ శాకాహారి యస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిచియున్నది. మన పల్లెటూరి పేరును ఇంటిపేరుగా ధరించిన రాక్షసబల్లి మరియొక దేశమున నుండినచో ఊరి పొలిమేరలో దాని విగ్రహముండెడిది.

ఆ మృగములు గోదావరీ లోయలో తిరుగాడినది పదునారు, పందొమ్మిది కోట్ల ఏండ్ల మధ్యకాలమున. కార్తికమాసపు రాత్రులయందు తూర్పున లేచు కృత్తికల గుంపును పల్లెలవారు పిల్లలకోడి యందురు. ఆ నక్షత్రముల వయస్సు సుమారు పండ్రెండు కోట్ల ఏండ్లే! కోటసారస్ తలయెత్తి చూచిన యాకాశమున కృత్తికలు లేవు. రైతులు ఆరుద్ర కార్తెతో లెక్కించు ఆర్ద్రా నక్షత్రము మరియు పిన్నది. ఎర్రగా, ముదిసినట్లు కానవచ్చినను కోటి యేండ్లు నిండలేదు. ద్రవ్యరాశి యధికమగుకొలది నక్షత్రము తన యింధనమును త్వరగా తగులబెట్టుకొనును గనుక, అల్పాయుష్కులలో అది యొకటి. కృత్తికల వెలుగు మనకు చేరుటకు 440 ఏండ్లు పట్టును. చార్మినారు నిర్మాణమునకు (1591) కొంచెము ముందు బయలుదేరిన వెలుగును నేడు మనము చూచుచున్నాము.

తారల నెంచుటలో హైదరాబాదునకు గల స్థానము నేటివారు మరచిరి. 1901లో నవాబు జఫర్ జంగు ఆంగ్లదేశమునుండి పదునైదంగుళముల దూరదర్శినిని తెప్పించి ఫిసల్‌బండలో నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆయన మరణానంతరము బేగంపేటకు మారి, ప్రపంచదేశములు పంచుకొని చేపట్టిన యాకాశపటలేఖనమున దక్షిణాకాశపు నొక పట్టీని తన వంతుగా స్వీకరించి, ఏడు లక్షలకు పైబడిన నక్షత్రముల స్థానములను కొలిచి అచ్చువేసెను. ఛాయాచిత్రపు పలకలపై చుక్కచుక్కను సూక్ష్మదర్శినితో కొలిచిన ఆ గుమాస్తాల పేర్లు మనకు మిగులలేదు. వారి యంకెలు మిగిలినవి.

మిట్టమధ్యాహ్నపు టెండ సైతము రెండు వయస్సులది. సూర్యుని యుపరితలమునుండి వెలుగు ఎనిమిదిన్నర నిమిషములలోపే యిచటికి చేరును. అయితే సూర్యగర్భమున పుట్టిన ఆ శక్తి, క్రిక్కిరిసిన పరమాణువుల నడుమ ఢీకొనుచు పైతలమునకు వచ్చుటకు పదివేల యేండ్లు మొదలు లక్షకు పైబడి పట్టునని లెక్కలు. అదే గర్భమున అదే క్రియలో పుట్టిన న్యూట్రినోలను ఏదియు నాపజాలదు. అవి రెండుమూడు క్షణములలో సూర్యుని దాటి, ఎనిమిది నిమిషములకు మన బొటనవ్రేలి గోటినుండి క్షణమునకు ఆరువేల కోట్లకు పైగా దూసికొనిపోవుచుండును. మానేటి గట్టుపై నిలిచినవాని వీపును కాల్చు వేడిమి ఆదిమమానవునినాటిది, అతని దేహమును దూరిపోవు కణము నిన్నటిది సైతము కాదు.

ఇన్నింటిలోను పెద్దయెవరని యడిగినచో, గుట్టను గాక, మానేటి నీటిని చూపవలసియున్నది. నీటియందలి ఉదజని కేంద్రకములు ఏ నక్షత్రమునను పుట్టినవి కావు. 1,380 కోట్ల ఏండ్లక్రిందట విశ్వమారంభమైన తొలి క్షణములలోనే యేర్పడినవి. ప్రాణవాయువు, కర్బనము, ఇనుము మున్నగునవి పిమ్మట నక్షత్రములలో వండబడినవని 1957లో బర్బిడ్జి దంపతులు, ఫౌలర్, హొయిల్ కలిసి వివరించిరి. మనుష్యదేహమున పరమాణువుల లెక్కకు నూటికి అరువదికి పైగా ఉదజనియే. ఆ లెక్కన మనలో నధికభాగము ఈ విశ్వమంత వయస్సు గలది.

అందును ఒక విశేషము గలదు. ఉదజని పరమాణువులు సుమారు ఆరువేల నాలుగువందలకు ఒకటి చొప్పున రెట్టింపు బరువైనది. దానికి డ్యుటీరియమని పేరు; హెరాల్డ్ యూరీ 1931లో దానిని కనుగొనెను. నక్షత్రములు దానిని నాశము చేయునే గాని కూడబెట్టవు; నేడున్నదంతయు విశ్వారంభమున కొలది నిమిషముల వ్యవధిలో తయారై మిగిలినదే. డెబ్బది కిలోల మనుష్యునిలో అది రెండు గ్రాములుండును. నర్మాలను దాటి, సిరిసిల్లను తాకి, గోదావరిలో కలిసిన మానేటి నీరు ఇంకను దిగువకు పోయినపుడు, మణుగూరు చెంత అశ్వాపురమున 1991నుండి పనిచేయుచున్న భారజల కర్మాగారము గోదావరి నీటిని తోడి, ఎత్తైన గోపురములలో హైడ్రోజన్ సల్ఫైడు వాయువుతో నెదురెదురుగా ప్రవహింపజేసి, చల్లని గోపురమున డ్యుటీరియము నీటిలోనికిని వేడిగోపురమున వాయువులోనికిని మరలుచుండు స్వభావమును ఆసరాగా గొని, వేలలో నొకటిగా నున్న ఆ పరమాణువును ఏరి ప్రోగుచేయుచున్నది. తుదకు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళకు పైగా శుద్ధమైన ఆ జలమును పీపాలకెత్తి, న్యూట్రానుల వేగమును తగ్గించుటకై దేశమునందలి యణువిద్యుత్కేంద్రములకు పంపుచున్నారు.